వెన్నెముక ఆపరేషన్ తర్వాతి మొదటి రాత్రి

సంపాదకులకు నమస్కారం.

నేను అనంతపురం, కర్నూలు జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో 31 సంవత్సరాలు స్టాఫ్ నర్సుగానూ, ఆపైన హెడ్ నర్సుగానూ పనిచేసి పదవీ విరమణ చేశాను. ఉద్యోగంలో సగానికి పైగా కాలం ఎముకల వార్డులోనూ, సర్జికల్ వార్డులోనూ గడిచింది. వెన్నెముక ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల నొప్పి తగ్గించడానికి మత్తు డాక్టర్లు ఇప్పుడు వేస్తున్న ‘బ్లాక్’ అనే ఇంజెక్షన్ గురించీ, అది మన రాయలసీమలో ఆపరేషన్ బల్ల ఎక్కే ప్రతి మనిషికీ అందవలసిన అవసరం గురించీ మీ పాఠకులతోనూ, మీ పత్రిక చదివే వైద్యాధికారులతోనూ చెప్పుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను. కొంత పొడుగైనా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

మా చెల్లెలిది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. పెళ్లయిన నాటి నుంచి నడుము వంచి శెనక్కాయ చెట్టు పీకి, కాయలు వలిచి, మూటలు మోసిన మనిషి. నాలుగేళ్ల క్రితం నడుములో ఒక పూస ముందుకు జారి, కాళ్లలోకి తిమ్మిరి దిగి, పది అడుగులు నడిస్తే కూర్చోవలసిన స్థితి వచ్చింది. ఒక పెద్ద నగరంలోని ప్రైవేటు ఆసుపత్రిలో స్క్రూలు, రాడ్లు వేసి పూసలను కలిపే ఆపరేషన్ చేశారు. సర్జన్ చేతిపని మంచిదే, ఆ విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా బాధంతా ఆ రాత్రి గురించే.

సాయంత్రం ఆరింటికి మత్తు పూర్తిగా వదిలింది. ఏడింటికి మొదలైన మూలుగు తెల్లవారే దాకా ఆగలేదు. డ్రిప్పులో ట్రమడాల్ అనే నొప్పి మందు ఇచ్చారు. అరగంటకు వాంతి మొదలైంది. నడుము మధ్యలో జానెడు కోత, కొత్తగా బిగించిన స్క్రూలు ఉన్న మనిషి పక్కకు తిరగలేక, తల ఒక్కటే వంచి కిడ్నీ ట్రేలోకి కక్కుకుంటుంటే, ప్రతి కక్కుకూ వీపు కండరాలు బిగుసుకుని, ఆ బిగింపుకు మళ్లీ నొప్పి ఎగదన్నేది. రాత్రి ఒంటిగంటకు పక్క మార్చాలని వచ్చారు. దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుని, ఒళ్లంతా దుంగలాగా ఒక్కసారే ఒత్తిగిలించాలి. ఆ పని నా చేతులతో వందలమందికి చేసి ఉంటాను. తోడబుట్టినదాని కోసం ఆ దుప్పటి కొస పట్టుకున్నప్పుడు మాత్రం నా చేతులు వణికాయి. ఆమె పెట్టిన కేకకు పక్క గదిలోవాళ్లు లేచారు. ఆ తరువాత తెల్లారే వరకూ ఆమె నన్ను అడిగింది ఒకటే మాట: “అక్కా, ఇంకా తెల్లారలేదా?”

ఆ రాత్రి డ్యూటీలో ఉన్న అమ్మాయిని తప్పు పట్టను. ఒక్కతే అంతమందిని చూసుకుంటున్నది. కానీ కేసు షీటు తెరిచి చూస్తే నొప్పి మందు ఎదురుగా ‘ఎస్.ఓ.ఎస్.’ అని రాసి ఉంది. అంటే అడిగితేనే ఇవ్వాలి. మన పల్లె ఆడవాళ్లు అడగరు. ఆపరేషన్ అయినాక నొప్పి ఉండక ఏముంటుందిలే, పళ్లు బిగబట్టుకుంటే పోతుందిలే అనుకుంటారు. ఒకటి నుంచి పదిలో నొప్పి ఎంత అని అడిగితే మా వార్డులో ముసలివాళ్లకు అర్థమయ్యేది కాదు. అందుకని రూపాయికి ఎన్ని అణాలు అని అడిగేదాన్ని. ‘పావలా’, ‘అర్ధరూపాయి’ అని ఠక్కున చెప్పేవాళ్లు. ఆ రాత్రి మా చెల్లెలిని కూడా అట్లాగే అడిగాను. “పదహారణాలూ అక్కా” అన్నది.

వెన్నెముక ఆపరేషన్ నొప్పి మిగతా ఆపరేషన్ల నొప్పి వంటిది కాదని వార్డులో పనిచేసిన వాళ్లందరికీ తెలుసు. పూసల దాకా చేరడానికి వీపు కండరాలను రెండు వైపులా ఎముక నుంచి ఒలిచి పక్కకు తీయాలి. లోపల పని పూర్తయ్యేంత వరకూ, కొన్నిసార్లు మూడు నాలుగు గంటలు, ఇనుప పరికరాలతో వాటిని లాగి పట్టి ఉంచాలి. చేతికో కాలికో కోత పడితే ఆ అవయవాన్ని కదపకుండా ఉంచుకోవచ్చు. వీపు కండరాలు మాత్రం దగ్గినా, నిట్టూర్చినా, పక్కమీద ఒక అంగుళం జరిగినా కదలకుండా ఉండవు. ఆపరేషన్‌కు ముందే ఏళ్ల తరబడి నొప్పి మాత్రలు మింగి ఉన్నవాళ్లకు మామూలు మోతాదు మందులు సరిగా పట్టవు కూడా. మన జిల్లాల్లో నడుము నొప్పితో వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆ కోవకే చెందుతారు. తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండల పనివాళ్లు, పొలాల్లో కూలికి పోయేవాళ్లు, ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి ఎముకలు దళసరెక్కి నరాల దారి ఇరుకైనవాళ్లు, అందరూ మందుల షాపులో చీటీ లేకుండా కొన్న మాత్రలతో చాలాకాలం నెట్టుకొచ్చి, ఇక కాలు ఈడ్వలేని స్థితికి చేరాకే ఆసుపత్రికి వస్తారు.

ఇక బ్లాక్ విషయానికి వస్తాను. వెన్నుపాము నుంచి ప్రతి పూస దగ్గరా బయటికి వచ్చే నరం రెండు కొమ్మలుగా చీలుతుంది. పెద్ద కొమ్మ ముందుకు పోయి చేతులకూ, కాళ్లకూ, ఛాతీకీ, పొట్టకూ చేరుతుంది. చిన్న కొమ్మ వెనక్కి తిరిగి వీపు కండరాలకూ, పూసల మధ్యనున్న చిన్న కీళ్లకూ, వీపు మీద చర్మానికీ పోతుంది. ఆపరేషన్ గాయం నొప్పిని మోసుకుపోయేది ముఖ్యంగా ఈ వెనక కొమ్మలే. పూసకు రెండు వైపులా రెక్కల వంటి ఎముకలు ఉంటాయి. వాటి మీద, మెడ నుంచి నడుము దాకా, వీపును నిటారుగా నిలబెట్టే కండరం పరుచుకుని ఉంటుంది. ఆ కండరానికీ ఆ రెక్క ఎముకకూ మధ్యనున్న సన్నని పొరలోకి, అల్ట్రాసౌండ్ తెర మీద సూది మొనను చూసుకుంటూ, తిమ్మిరి మందు ఎక్కిస్తారు. మందు ఆ పొర వెంబడి పైకీ కిందికీ నాలుగైదు పూసల మేర పాకి, వెనక కొమ్మలను కొన్ని గంటలపాటు మొద్దుబారుస్తుంది. దీన్ని ఇరెక్టర్ స్పైనే ప్లేన్ బ్లాక్ అంటారు. 2016లో ఫొరేరో, ఆయన సహచరులు దీన్ని మొదటిసారి వైద్య పత్రికలో వివరించారు. వాళ్లు మొదట వాడింది ఛాతీ వైపు తీవ్రమైన నరాల నొప్పికే. అంతకు ముందు ఏడాదే, 2015లో, నడుము దగ్గర వీపు కండరాల మధ్య పొరలోకి మందు ఎక్కించే మరో పద్ధతిని హ్యాండ్ అనే వైద్యుడి బృందం వివరించింది. దానిని టి.ఎల్.ఐ.పి. బ్లాక్ అంటారు. పదేళ్లు తిరగకముందే ఈ రెండూ ప్రపంచమంతటా వెన్నెముక ఆపరేషన్లకు పాకాయి.

ఇక్కడ పాఠకులకు ఒక అపోహ తీర్చవలసి ఉంది. సిజేరియన్ చేయించుకున్న ప్రతి తల్లికీ ‘వెన్నులో సూది’ తెలుసు. జర్మనీలో ఆగస్ట్ బీర్ 1898లో మొదలుపెట్టిన ఆ పద్ధతిలో సూది వెన్నుపాము చుట్టూ ఉన్న నీటి సంచిలోకి పోతుంది, నడుము కిందిదంతా మొద్దుబారుతుంది. నేను చెబుతున్న బ్లాక్‌లో సూది అంత లోతుకు పోదు. ఎముక మీద ఆగుతుంది. కనుక ‘మళ్లీ వెన్నులో సూదా, జీవితాంతం నడుము నొప్పి వస్తుందంట కదా’ అని భయపడి వద్దనవలసిన పని లేదు.

వెన్నెముక సర్జన్లకు సహజంగా ఉండే భయం వేరు. వెన్నెముక ఆపరేషన్ అయ్యి రోగి కళ్లు తెరవగానే సర్జన్ మొట్టమొదట అడిగేది “కాలి వేళ్లు కదిలించమ్మా, పాదం పైకెత్తు” అనే మాట. వేళ్లు కదలకపోతే నరం మీద రక్తం గడ్డకట్టిందేమో, స్క్రూ నరానికి తగిలిందేమో అని అప్పటికప్పుడు స్కానింగ్‌కు పరుగెత్తాలి. నొప్పి తగ్గించే మందు కాళ్లను కూడా మొద్దుబారిస్తే ఆ ప్రమాదాన్ని పసిగట్టడం ఆలస్యమవుతుంది. అందుకే చాలామంది సర్జన్లు నొప్పి కోసం ఎపిడ్యూరల్ (వెన్నుపాము సంచి బయట సన్నని గొట్టం పెట్టి తిమ్మిరి మందు ఎక్కించే పద్ధతి) వేయడానికి ఇష్టపడరు, వాళ్ల జంకులో న్యాయం ఉంది. వెనక కొమ్మలను మాత్రమే లక్ష్యం చేసుకునే ఈ బ్లాక్‌లలో కాలి బలం సాధారణంగా చెక్కుచెదరదు. అరుదుగా నడుము దగ్గర వేసిన మందు లోపలికి పాకి కొన్ని గంటలు కాలు బలహీనపడిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి కనుక, బ్లాక్ వేసిన రోగికి కాళ్ల పరీక్ష మరింత జాగ్రత్తగా చేయాలే తప్ప, బ్లాక్ వల్లనే అయి ఉంటుందిలే అని ఏ ఒక్కరూ ఊరుకోకూడదు.

ఇదంతా పుస్తకంలో చదివి చెబుతున్నది మాత్రమే కాదు. నిరుడు నాకే నడుములో నరాల దారి ఇరుకై ఆపరేషన్ అవసరమైంది. కర్నూలులో చేయించుకున్నాను. ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు ఫిట్‌నెస్ చూడడానికి వచ్చిన మత్తు డాక్టరు మా అబ్బాయి వయసు మనిషి. నేను నర్సునని తెలిసి కుర్చీ లాక్కుని కూర్చుని, కాగితం మీద పూస బొమ్మ గీసి, “సిస్టర్, ఇదిగో ఇక్కడ ఎముక, ఇక్కడ కండరం, ఈ సందులో మందు. రెండు వైపులా ఇరవై ఇరవై మిల్లీలీటర్లు” అని చెప్పాడు. నేను పూర్తి మత్తులో బోర్లా పడుకుని ఉండగా, కోత పెట్టకముందే, పదిహేను నిమిషాల్లో ఆ పని ముగిసిందని తరువాత థియేటర్ సిస్టర్ చెప్పింది.

కళ్లు తెరిచేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. వేళ్లు కదిలించమన్నారు, కదిలించాను. వీపు మీద ఎవరో అరచేయి పెట్టి గట్టిగా అదుముతున్నట్టు బరువుగా ఉందే కానీ కోత పడిన చోటు ఫలానా అని వేలు పెట్టి చూపించలేకపోయాను. సాయంత్రం నన్ను పక్క మార్చడానికి వచ్చినప్పుడు మా చెల్లెలి కేక గుర్తుకొచ్చి కళ్లు గట్టిగా మూసుకున్నాను. దుప్పటి కదిలింది, నేను పక్కకు తిరిగాను, అంతే. రాత్రి ఎనిమిదికి ఇడ్లీ తిన్నాను, వాంతి కాలేదు. ట్రమడాల్ ఒక్క చుక్క పడలేదు. నాలుగో జామున, మూడు గంటల ప్రాంతంలో, బ్లాక్ వదలడం మొదలై నొప్పి మెల్లగా తలెత్తింది. నా లెక్కలో ఆరణాలు. అప్పటికే గంట ప్రకారం పారాసెటమాల్ డ్రిప్పులో పడుతూ ఉండడం వల్ల అది అక్కడే ఆగింది. మరునాడు పొద్దున నడుము బెల్టు బిగించుకుని, వాకర్ పట్టుకుని, వరండా చివర కిటికీ దాకా నడిచి కొండారెడ్డి బురుజు వైపు ఆకాశం చూసి వచ్చాను.

నాదీ మా చెల్లెలిదీ ఒకే ఆపరేషన్ కాదు. ఆమెకు స్క్రూలు వేశారు, నాకు ఇరుకు మాత్రమే తీశారు. కనుక రెండు రాత్రుల మధ్య తేడా అంతా బ్లాక్ చలవేనని చెబితే అది న్యాయం కాదు. దేశదేశాల్లో జరిగిన పరిశోధనలను కలిపి చూసినవాళ్లు తేల్చిన మాట కూడా కొంత సంయమనంతోనే ఉంది. బ్లాక్ వేసినవాళ్లకు మొదటి 24 గంటల్లో మార్ఫిన్ జాతి మందుల అవసరం గణనీయంగా తగ్గుతున్నది. వాంతులు, వికారం తగ్గుతున్నాయి. మొదటి కొన్ని గంటల్లో నొప్పి తక్కువగా ఉంటున్నది. రెండో రోజుకు వచ్చేసరికి తేడా చిన్నదవుతుంది. ఆరు నెలల తరువాత నడుము ఎట్లా ఉంటుందన్నది బ్లాక్ మీద కంటే ఆపరేషన్ మీదా, వ్యాయామం మీదా ఆధారపడి ఉంటుంది. అయితే ఆ మొదటి రోజే మిగతా రోజులకు దారి వేస్తుందని వార్డులో ఉన్నవాళ్లకు తెలుసు. మార్ఫిన్, ట్రమడాల్ వంటి మందులు ఎక్కువైన కొద్దీ మగత, వాంతులు, మలబద్ధకం, మూత్రం బిగబట్టడం వరుసగా వస్తాయి. యూరిన్ పైపు రెండో రోజు తీయవలసింది నాలుగో రోజు దాకా ఉంటుంది, పైపు ఉన్నన్నాళ్లూ ఇన్‌ఫెక్షన్ భయం. కుట్లు వేసిన నడుముతో ముక్కవలసి రావడం ఎంత నరకమో అనుభవించినవాళ్లకే తెలియాలి. నొప్పికి జడిసి లేవనివాళ్ల కాళ్లలో రక్తం గడ్డకడుతుంది, ఊపిరి నిండా పీల్చలేక నెమ్ము చేస్తుంది. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను త్వరగా తినిపించి, త్వరగా నడిపించి ఇంటికి పంపాలనే పద్ధతిని డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెహ్లెట్ 1990ల నుంచీ ప్రచారం చేస్తూ వచ్చారు, నొప్పిని అదుపు చేయనిదే ఆ పద్ధతిలో ఒక్క అడుగూ పడదు.

మార్ఫిన్ సంగతి వచ్చింది కనుక ఒక మాట. 1985 నాటి మత్తుపదార్థాల చట్టం భయంతో చాలా ఆసుపత్రులు దాన్ని తెప్పించడమే మానుకున్నాయి. 2014లో చట్టాన్ని సవరించి, నొప్పితో బాధపడేవాళ్లకు అందించడం సులభం చేశారు. అయినా రెండు తాళాల బీరువా, రిజిస్టరు, సంతకాలు, ఖాళీ ఆంప్యూల్ లెక్క అప్పజెప్పడం అనే బాధ్యతలకు జంకి రాత్రిపూట దాని జోలికి పోనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అట్లాంటి చోట బ్లాక్ మరింత అవసరమని నా అభిప్రాయం.

బ్లాక్‌లో ప్రమాదం అసలే లేదని నేను అనడం లేదు. ముఖ్యమైన జాగ్రత్త మోతాదు. బుపివకెయిన్ అనే తిమ్మిరి మందు సాధారణంగా కిలో బరువుకు 2 మిల్లీగ్రాములు దాటకుండా వాడాలని నేర్పుతారు. మా చెల్లెలి బరువు 44 కిలోలు. అంటే ఆమెకు 88 మిల్లీగ్రాములే హద్దు. 0.25 శాతం మందు మిల్లీలీటరులో రెండున్నర మిల్లీగ్రాములు ఉంటాయి కనుక, అందరికీ వేసినట్టే రెండు వైపులా ఇరవై ఇరవై వేస్తే 100 మిల్లీగ్రాములై హద్దు దాటిపోతుంది. మన పల్లెల నుంచి వచ్చే బక్కపలచని ఆడవాళ్లను బరువు తూచకుండా, ‘యాభై ఉంటుందిలే’ అని అంచనా వేసి కేసు షీటులో రాసే అలవాటు నేను కళ్లారా చూశాను. అది మానాలి. కుట్లు వేసే ముందు సర్జన్ గాయంలోకి ఇచ్చే తిమ్మిరి మందును కూడా ఇదే లెక్కలో కలపాలి. మందు పొరపాటున రక్తంలోకి ఎక్కువగా చేరితే మెలకువగా ఉన్న మనిషికైతే పెదవుల చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు ముందుగా తెలుస్తాయి. పూర్తి మత్తులో ఉన్నవాళ్లకు ఆ గుర్తులేవీ బయటపడవు, గుండె లయ తప్పడమే మొదటి హెచ్చరిక కావచ్చు. దానికి విరుగుడు 20 శాతం లిపిడ్ ఎమల్షన్ అనే పాలవంటి తెల్లని మందు, కిలోకు ఒకటిన్నర మిల్లీలీటర్ల చొప్పున వెంటనే ఎక్కించాలి. ఆ సీసా స్టోరు రూములో ఉంటే చాలదు, బ్లాక్ వేసే గదిలోనే, చేతికి అందే చోట ఉండాలి. ఇక సూది గుచ్చే చోట చీము, పుండు ఉన్నవాళ్లకు ఈ బ్లాక్ పనికిరాదు. మన ప్రాంతంలో వెన్నెముకకు క్షయ సోకి వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు కనుక ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఇంత మేలైన పద్ధతి మన దగ్గర ఎందుకు నెమ్మదిగా పాకుతున్నదని అడిగితే, నేను మాట్లాడిన మత్తు డాక్టర్లు మందు ఖరీదును సమస్యగా చెప్పలేదు. తిమ్మిరి మందులు ఎప్పటి నుంచో ప్రతి థియేటర్‌లో ఉన్నవే. సమస్య అల్ట్రాసౌండ్ మిషన్. గర్భంలోని ఆడపిల్లలను కాపాడడానికి 1994లో తెచ్చిన లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద ప్రతి మిషన్‌నూ, అది ఉండే చోటునూ, వాడే డాక్టరునూ నమోదు చేయించాలి. ఆ చట్టం కఠినంగా ఉండవలసిందే, ఒక ఆడమనిషిగా దానిలో ఒక్క అక్షరం సడలించమని నేను అడగను. కానీ మిషన్ రేడియాలజీ గదికే పరిమితమై, ఆపరేషన్ థియేటర్‌కు వేరొకటి కావాలంటే ఫైలు నెలల తరబడి తిరుగుతూ ఉంటే నష్టపోయేది రోగి. మత్తు విభాగానికి వేరుగా మిషన్ కొనడానికీ, దాని నమోదును గడువు పెట్టి పూర్తి చేయడానికీ జిల్లా అధికారులు చొరవ చూపితే చట్టమూ నిలుస్తుంది, రోగికీ ఉపశమనం దొరుకుతుంది. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి మన జిల్లాలవాళ్లే కాక గద్వాల, రాయచూరు, బళ్లారి వైపు నుంచి కూడా వస్తారు. అనంతపురంలోనూ, కడప రిమ్స్‌లోనూ వైద్య కళాశాలలు ఉన్నాయి. అక్కడ చదువుకునే పి.జి. విద్యార్థుల చేతికి ఈ విద్య బాగా పట్టుబడితే, రేపు వాళ్లే ఆదోనికీ, హిందూపురానికీ, ప్రొద్దుటూరుకూ తీసుకుపోతారు.

రెండో విన్నపం ఆరోగ్యశ్రీ (ఇప్పటి పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) గురించి. 2007 ఏప్రిల్ 1న ఆ పథకం మొదలైన మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. అప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను. అప్పు పుట్టక ఆపరేషన్ వాయిదా వేసుకుంటూ వచ్చిన రైతులు తెల్లకార్డు పట్టుకుని వరుసలో నిలబడడం చూసి మాకు కళ్లు చెమర్చాయి. పథకంలో ఒక్కో ఆపరేషన్‌కు ఇంత అని ఒకే మొత్తం ఇస్తారు, అందులోనే అన్నీ సర్దుకోవాలి. అట్లాంటప్పుడు నొప్పి నివారణకు ఏం చేశారన్నది కేసు షీటులో తప్పనిసరిగా రాయాలని, బ్లాక్ వేయకపోతే ఎందుకు వేయలేదో ఒక వాక్యమైనా ఉండాలని షరతు పెడితే ఖజానాకు భారం ఉండదు. ఆపరేషన్ ముందూ వెనకా ఎక్స్-రేలు జతచేయమంటున్నారు కదా, మొదటి రోజు నొప్పి ఎంత ఉందో నాలుగు గంటలకోసారి రాసిన కాగితం కూడా జతచేయమనండి.

మిషన్ లేని చోట చేతులు ముడుచుకుని కూర్చోవలసిన అవసరమూ లేదు. కుట్లు వేసే ముందు సర్జన్ స్వయంగా కోతకు రెండు వైపులా కండరాల్లోకి తిమ్మిరి మందు ఇవ్వవచ్చు. అది బ్లాక్ అంత సేపు పనిచేయకపోయినా కొన్ని గంటలు కాపాడుతుంది. పారాసెటమాల్‌ను అడిగినప్పుడు కాక గంట ప్రకారం, బరువును బట్టి ఇవ్వడం ఏ ఆసుపత్రికైనా సాధ్యమే. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు కిడ్నీలు, కడుపు బాగున్నవాళ్లకే ఇవ్వాలి, పూసలు కలిపే ఆపరేషన్లలో ఎముక అతకడం ఆలస్యమవుతుందని కొందరు సర్జన్లు వాటిని వద్దంటారు కనుక సర్జన్‌ను అడగాలి. నా తోటి నర్సులకు ఒక మాట చెప్పాలి: బ్లాక్ వేసిన రోగి హాయిగా నిద్రపోతున్నాడని రాత్రి పది గంటల పారాసెటమాల్ ఆపకండి. బ్లాక్ వదిలేది తెల్లవారుజామున. ఆ వేళకు ఒంట్లో వేరే మందు లేకపోతే దాచిపెట్టిన నొప్పంతా ఒక్క పెట్టున మీదపడుతుంది, అప్పుడు బ్లాక్ వేసి లాభం లేకుండా పోయిందని చెడ్డపేరు వస్తుంది.

ఈ లేఖ ఇప్పుడే రాయడానికి ఒక కారణం ఉంది. మా చెల్లెలికి కొన్ని నెలలుగా మళ్లీ కాలు లాగుతున్నది. స్క్రూలు వేసిన చోటికి పైనున్న పూస అరిగిందని సర్జన్ చెప్పారు. స్క్రూలు వేసిన కొన్నేళ్లకు పై పూస మీద బరువు పడి అట్లా అరగడం కొందరిలో ఉంటుంది. కిందటి నెల నేను వాళ్ల ఊరికి పోయినప్పుడు, ఆమె గుమ్మం దాటి వాకిట్లోకి వస్తుంటే ఎడమ కాలి చెప్పు జారి గడప దగ్గరే ఉండిపోయింది. ఆమెకు తెలియలేదు. ఒట్టి కాలితో బావి దాకా పోయింది. అది నరం దెబ్బతింటున్న గుర్తు అని, ఆలస్యం చేస్తే పాదం శాశ్వతంగా వాలిపోతుందని ఎంత చెప్పినా, “చచ్చిపోయినా ఫరవాలేదు, ఆ రాత్రి మాత్రం మళ్లీ వద్దక్కా” అన్నది. డబ్బు లేక ఆగిపోయినవాళ్లను నా ఉద్యోగంలో ఎంతమందినో చూశాను. నొప్పికి భయపడి కాలు పోగొట్టుకోవడానికి సిద్ధపడిన మనిషిని నా ఇంట్లోనే చూశాను.

నాకు ఆపరేషన్ అయిన కర్నూలు ఆసుపత్రికే ఆమెను తీసుకుపోతున్నాను. పోయిన ఆదివారం వీపు మీది నా మచ్చ చూపించి, ఆ రాత్రి ఇడ్లీ తిన్న సంగతి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చుని, “ఆ సూది నాకూ వేస్తారా?” అని అడిగింది. వచ్చే వారం మత్తు డాక్టరు దగ్గర ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. ఆయనను అడగవలసినవి ఒక చీటీ మీద రాసి ఆమె సంచిలో పెట్టాను: నాకు బ్లాక్ వేయడానికి వీలవుతుందా, ఒకసారి స్క్రూలు వేసిన వీపు కనుక మందు సరిగా పాకుతుందా, నా బరువు మళ్లీ తూచి మోతాదు కడతారా, రాత్రి బ్లాక్ వదిలేలోగా ఏ మందు ఏ గంటకు ఇస్తారు. వెన్నెముక ఆపరేషన్‌కు సిద్ధమవుతున్న పాఠకులు కూడా ఈ ప్రశ్నలు రాసుకుని పోవచ్చు. పాత ఆపరేషన్ కాగితాలు, ఏ మందు పడదో ఆ వివరం, రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే వాటి చీటీ కూడా వెంట తీసుకుపోవాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత హెడ్ నర్సు,
అనంతపురం

(మా చెల్లెలి కుటుంబం కోరిక మేరకు నా పేరు ప్రచురించవద్దని మనవి.)